పది కార్తూసులకు ఒక రోజు

మంగళవారం, రాత్రి తొమ్మిది దాటింది.

తెల్లవారుజామున తమ్ముడి కారులో దేవరకొండ నుండి హైదరాబాదుకు బయలుదేరి, చీకటి పడే వేళకు పది కార్తూసులున్న చిన్న అట్టపెట్టెతో ఇంటికి చేరాను. తూటా అనే మాటను పత్రికలు వాడతాయి గాని, మా నాన్న కార్తూసు అనేవారు కనుక నాకూ అదే అలవాటు. ఆయన పోయిన తరువాత వారసునిగా నా పేరుకు లైసెన్సు మారిన ఈ 12 బోరు బందూకు ఏడాదికి రెండు మూడు సార్లు తుడిచి నూనె పెట్టించుకోవడానికి తప్ప బయటకు రాదు. ఎన్నికలు వచ్చినప్పుడు మాత్రం దానికి ప్రయాణం తప్పదు. పోలీసు ఠాణాలో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి, ఫలితాలు వచ్చాక రసీదు చూపి తిరిగి తెచ్చుకోవాలి.

ఈ ప్రయాణానికి కారణం పోయిన నెలలో బయటపడింది. బీరువా సర్దుతుంటే నాన్న కొన్న పాత కార్తూసులు దొరికాయి. అవి కాగితపు గొట్టంతో చేసినవి. తేమకు ఉబ్బిపోయి బందూకు గొట్టంలోకి దూరడం లేదు, అడుగున ఇత్తడి పచ్చగా చిలుము పట్టింది. ఆదివారం వీడియోలో మాట్లాడుతూ వాటిని మా అక్క కొడుకుకు చూపించాను. వాడు టెక్సాస్‌లో ఉంటాడు, సెలవు రోజుల్లో గురి పోటీలకు వెళతాడు. చూసీ చూడగానే, “మామా, వాటిని పారేయకు. డొల్లలు బాగుంటే మళ్ళీ నింపుకోవచ్చు, నింపే చేతియంత్రం, ప్రెస్సు అంటారు, ఒకటి నేను పంపిస్తా” అన్నాడు. ఏదో కుట్టుమిషన్ పంపుతానన్నంత తేలికగా అన్నాడు.

వాడి గ్యారేజీలో ఆ పని కుట్టుమిషన్ పనిలాగే సాగుతున్నదని తరువాతి గంటసేపు వాడు చూపించినదాన్ని బట్టి అర్థమయింది. తూటాలో ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు, లోపల పేలుడు మందు, ముందు గుండు ఉంటాయి. పేల్చిన తరువాత మిగిలేది ఇత్తడి ఒక్కటే, ఖరీదులో పెద్ద వాటా కూడా దానిదే కావడం వల్ల, జాగ్రత్తగా వాడుకుంటే అదే డొల్లను మళ్ళీ మళ్ళీ నింపవచ్చును. అందుకే వాడు పోటీ ముగిసాక అందరూ వెళ్ళిపోయే వరకు ఆగి, కోత అయిన చేనులో పల్లికాయలు ఏరే కూలీల వలె వంగి, ఇతరులు వదిలేసిన డొల్లలను కూడా ఏరుకుంటాడట. నెలకు లక్షల జీతం తీసుకునేవాడు ఇత్తడి ఏరుకోవడం నాకు నవ్వు తెప్పించింది గాని, మా అక్క చేతి పొదుపు వీడికి ఎక్కడికీ పోలేదన్న సంతోషం కూడా కలిగింది.

చవకగా కొనడంలో వాడికున్న నేర్పు నిజంగా వినదగినది. ప్రైమర్లు వెయ్యి చొప్పున కట్టగా వస్తాయి. మందు ఒక పౌను (సుమారు 450 గ్రాములు) డబ్బాలోనూ, ఎనిమిది పౌన్ల పెద్ద డబ్బాలోనూ వస్తుంది. ఈ రెండూ ప్రమాదకర సరుకు కనుక ఇంటికి తెప్పించుకుంటే ప్రతి ఆర్డరుకు వేరే రుసుము పడుతుంది. కొద్దిగా కొంటే ఆ రుసుమే సరుకు ధరను మింగేస్తుంది. అందువల్ల నలుగురు మిత్రులు కలిసి ఒకేసారి ఆర్డరు పెట్టి పంచుకుంటారు. 2020 తరువాత రెండేళ్ళ పాటు అక్కడ ప్రైమర్లు దొరకడమే గగనమైందట. ధర మూడింతలైనా దొరికిన చోట కొన్నవాళ్ళున్నారు. వాడు మాత్రం పాత నిల్వతో నెట్టుకొచ్చాడు. యంత్రం కూడా ఖరీదైనది కాదు: విస్కాన్సిన్‌లో తయారయ్యే లీ కంపెనీ చేతిప్రెస్సుతోనే మొదలుపెట్టాడు, ఇప్పటికీ దానినే వాడుతున్నాడు. అమెరికాలో మందును గ్రెయిన్లలో తూస్తారు; పౌనుకు 7000 గ్రెయిన్లు. ఒక్కొక్క దానికి 5 గ్రెయిన్లు పడుతుందనుకుంటే ఒక డబ్బాకు 1400 తూటాలవుతాయని నేను కాగితం మీద లెక్క వేస్తే, వాడు నా లెక్కను మెచ్చుకొని, ఆ 5 అన్న అంకెను మాత్రం ఎవరి నోటిమాట మీదా నమ్మకూడదని, మందు రకాన్నీ గుండు బరువునూ బట్టి అచ్చు పుస్తకంలో చూసుకొనే తూయాలని చెప్పాడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం మందు డబ్బా ఉంచుతాడు. ఒకే డొల్లలో రెండుసార్లు మందు పడితే తుపాకీ చేతిలోనే పగిలిపోవచ్చు; ఆ పని చేసేటప్పుడు ఫోను కూడా వేరే గదిలో పెడతాడు.

ఇంత కష్టపడితే ఏం మిగులుతుందని అడిగాను. పెద్ద రైఫిలు తూటాలకు బాగానే మిగులుతుందని, చిన్న పిస్తోలు తూటాలకు కొంచెమేనని, 12 బోరుకైతే అక్కడ అంగట్లో దొరికే మామూలు కార్తూసులే చవక కనుక దాదాపు ఏమీ మిగలదని ఒప్పుకున్నాడు. పైగా, చవకగా పడుతున్నాయని మునుపటికంటే ఎక్కువ పేలుస్తున్నాడు కాబట్టి మొత్తం ఖర్చు తగ్గలేదని వాడి భార్య పక్కనుండి అందుకున్నది.

ప్రెస్సు మాత్రం పంపవద్దన్నాను. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఆ చట్టంలో తూటా అంటే దాని విడిభాగాలు కూడా వస్తాయి. 2019 సవరణ తరువాత ఆ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. నాకున్నది బందూకు ఉంచుకొనే లైసెన్సు మాత్రమే. ఏడాదికి ఎన్ని కార్తూసులు కొనవచ్చునో కూడా అందులోనే రాసి ఉంటుంది. వాడికి చిల్లర ఆదా అయ్యే పని ఇక్కడ ముసలితనమంతా జైలులో గడిపే పని అవుతుందంటే, వాడు కాసేపు మాట్లాడలేదు.

నిజానికి ఇంట్లో మందు కూరడం మా ప్రాంతానికి కొత్త కాదు. నైజాము కాలపు పోరాట రోజుల్లో ఊళ్ళలో భర్మారు తుపాకులు ఉండేవని, గొట్టం మూతి నుండి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, రవ్వ గుండ్లు వేసి, గజం అనే కడ్డీతో దట్టించేవారని మా నాయనమ్మ చెప్పేది. మందు ఎక్కువై గొట్టం చీలి వేళ్ళు పోగొట్టుకున్న మనిషి కథ కూడా ఆమెదే. ఆ మనిషికీ మా మేనల్లుడికీ మధ్య తేడా ఒక తక్కెడ, ఒక అచ్చు పుస్తకం అని నాకు తోచింది.

దుకాణంలో పని అరగంటలో అయిపోయింది. లైసెన్సు పుస్తకం ఇచ్చాను. యజమాని తన రిజిస్టరులో, నా పుస్తకంలో రాసి ముద్ర వేసి, పుణెలోని ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారైన శక్తిమాన్ కార్తూసులు పది లెక్కపెట్టి ఇచ్చాడు. 12 బోరు అన్న పేరు ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు: ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను అవుతాయట. నలభై ఏళ్ళుగా ఇంట్లో ఉన్న వస్తువు పేరుకు అర్థం నేటికి తెలిసింది. పాతవాటిని విప్పే ప్రయత్నం చేయవద్దని, చెత్తలో వేయవద్దని, మా ఠాణాలో రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోమని చెప్పాడు. ఆ దరఖాస్తు ఇప్పుడే రాసి పెట్టాను.

తిరుగు దారిలో మాల్ అనే ఊరి దగ్గర ఆగి చాయ్ తాగుతూ లెక్క చూస్తే, డీజిలు, భోజనం, పార్కింగు కలిపి కార్తూసుల ధరకు దాదాపు సమానమైంది. ఇంటికి రాగానే అల్లుడి సందేశం ఉన్నది: ఒక్కొక్కటి ఎంత పడింది మామా, అని. దారి ఖర్చు కలపకుండా చెప్పాను.

ఈ పదింటినీ పేల్చే అవసరం వస్తుందని నేననుకోను. పల్లి చేనులోకి అడవిపందులు వస్తున్న మాట నిజమే గాని, అధికారిక అనుమతి లేకుండా వాటిపై గురిపెట్టడానికి 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అట్టపెట్టెను బీరువా పై అరలో, బందూకుకు దూరంగా పెట్టి తాళం వేశాను. మా ఆవిడ వసారాలో కూర్చొని, పందులు రాకుండా రేపు చేను చుట్టూ కట్టడానికి పాత చీరలను పీలికలు చేయకుండా, పొడుగ్గా మడత పెడుతున్నది.