ముందు అన్నం, తర్వాతే వాక్యం

మాది ఒంగోలు. నాలుగు తరాలుగా బాప్టిస్టులం. 2021 మేలో నాన్న కరోనాతో పోయారు. సమాధి దగ్గర నేనూ, కిట్లు తొడుక్కున్న నలుగురూ, అంతే. పాస్టరుగారు ఫోన్లో ప్రార్థన చేశారు. స్పీకర్ పెట్టాను గానీ సగం మాటలు గాలికే పోయాయి. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడిక జరగలేదు.

చర్చి తెరిచాక మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. పాటలు పాడేవాణ్ణి, కానుక వేసేవాణ్ణి. కళ్ళు మూసుకుంటే మాత్రం ఒక్క మాటా వచ్చేది కాదు. నాన్న సంఘపెద్ద. ఆయన కొడుకు నాకు ప్రార్థన రావడం లేదని ఎవరితో చెప్పుకుంటాడు? ప్రార్థన మనవులు అడిగే టైములో తల వంచుకుని కూర్చునేవాణ్ణి.

ఈలోగా ఒక చుట్టం పోరు పడలేక అమ్మను వేరే ఊళ్ళో పెద్ద సభకు తీసుకెళ్ళాను. అక్కడ ప్రవచనం చెప్పే ఆయన అమ్మ తలమీద చెయ్యి పెట్టి, ఇంట్లో ఒప్పుకోని పాపం ఉంది, అందుకే ఇంటాయన పోయాడన్నాడు. నూనె సీసా చేతిలో పెట్టి విత్తన కానుక, అంటే దీవెన కోసం ముందుగా వేసే డబ్బు, అడిగారు. ఆ తర్వాత అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. పోగొట్టుకోవాలనీ లేదు.

మా చర్చిలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం సంచిలో తెచ్చి ఇస్తారు. అమ్మ సంచి మూడు వారాలు రాలేదు. ఆ సంగతి పట్టుకుంది పాస్టరుగారు కాదు, బియ్యం లెక్క చూసే రిటైర్డ్ టీచరమ్మగారు. సోమవారం పొద్దున క్యారేజీతో వచ్చేశారు. మిరియాల చారు, మెత్తగా వండిన అన్నం, చింతకాయ పచ్చడి. బైబిల్ తేలేదు. అమ్మ తిన్నాక గిన్నెలు కడుక్కుని వెళ్ళిపోయారు.

అలా ఎన్నో వారాలు. చివరికి ఒకరోజు గేటు దగ్గర ఆవిడతో అనేశాను: "టీచరమ్మగారూ, నాకు ప్రార్థన రావట్లేదండీ. నిద్ర కూడా."

ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "బైబిల్లో ఏలీయా ప్రవక్త కూడా బదరీచెట్టు కింద చచ్చిపోతానన్నాడు కదా అబ్బాయ్. దేవుడు ముందు రొట్టె పెట్టాడు, పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి రొట్టె పెట్టాడు. ఏం చేస్తున్నావిక్కడ అని అడిగింది ఆ తర్వాతే," అన్నారు. నిద్ర సంగతి డాక్టరుకు చెప్పమన్నారు, మాత్ర వేసుకుంటే విశ్వాసమేం తగ్గదన్నారు. వెళ్ళాను. ఆరు నెలలు వాడాను.

నాన్న చెప్పే కథ అప్పుడు గుర్తొచ్చింది. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నాన్న ఆ అంకెను గర్వంగా చెప్పేవారు. నాకు మాత్రం ఆ ఆపడమే గొప్పగా అనిపించింది.

గురువారం గృహకూడికలో పదిమంది కూడా ఉండరు. టీచరమ్మగారు నాకు బైబిల్లోని 88వ కీర్తన ఇచ్చి పైకి చదవమన్నారు. మొర అంతా పెట్టుకుని, చీకట్లోనే ముగుస్తుంది. చివర స్తోత్రం ఉండదు. ఇన్నేళ్ళ సండేస్కూల్లో దాన్ని ఎవరూ నా చేత చదివించలేదు. చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. పక్కనున్న ఆటో అన్న మిగతా వచనాలు అందుకున్నాడు. స్వస్థత సాక్ష్యాలప్పుడు నేనింకా మౌనంగానే ఉంటాను. ఎవరూ ఏమీ అనరు.

2023 మేలో, రెండేళ్ళు ఆలస్యంగా, నాన్న జ్ఞాపకార్థ కూడిక ఇంట్లోనే పెట్టాం. చెప్పులు వాకిలి దాటి గేటు దాకా ఉన్నాయి. అమ్మ వాటినే చూస్తూ నిలబడి, "అన్నం చాలదేమోరా, ఇంకో రెండు కేజీలు కడగమను," అంది.