ట్రావల్యాటో నుంచి సాన్ సీరో దాకా: బరేసీ ఆటను వెతుక్కుంటూ

మిలాన్ సెంట్రాలే స్టేషన్‌లో వెరోనా వైపు వెళ్లే ప్యాసింజర్ రైలెక్కి, బ్రెషాలో దిగి, అక్కడి నుంచి బస్సులో ట్రావల్యాటో చేరాను. దారి పొడవునా మొక్కజొన్న చేలు, పశువుల కొట్టాలు, చిన్న చిన్న కర్మాగారాలు తప్ప యాత్రికులు ఆగి చూసేవి పెద్దగా ఏమీ కనిపించవు. ఆ ఊరికి గుర్రాల సంతతో కొంత పేరున్నా, నన్ను అక్కడికి రప్పించింది మాత్రం ఫ్రాంకో బరేసీ. 1960 మే 8న అక్కడే పుట్టి, వృత్తి ఆటగాడిగా ఒకే ఒక్క క్లబ్బుకు, అంటే ఏసీ మిలాన్‌కు, ఇరవై సీజన్లు ఆడి రిటైరైన ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్ ఆయన.

చర్చి పక్క సందులో కాఫీ తాగుతూ బరేసీ పేరెత్తగానే, కౌంటరు వెనకనున్న పెద్దాయన "ఏ బరేసీ? ఫ్రాంకోనా, బేప్పేనా?" అని అడిగాడు. ఆ ఊళ్లో అది సహజమైన ప్రశ్నే. అన్న జుసెప్పేను (బేప్పే అంటే ఆయనే) ఇంటర్ క్లబ్బు తీసుకుంది. తమ్ముణ్ణి మాత్రం బక్కపలచగా ఉన్నాడని వెనక్కి పంపింది. ఫ్రాంకో పద్నాలుగేళ్లకే మిలాన్ యువజట్టులో చేరాడు. పద్దెనిమిదేళ్లు నిండకముందే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న ఆ కుర్రవాడికి క్లబ్బే ఇల్లయిందని చెబితే అతిశయోక్తి కాదేమో. తర్వాతి రోజుల్లో ఈ అన్నదమ్ములిద్దరూ ఒకే నగరంలోని రెండు ప్రత్యర్థి జట్లకు కెప్టెన్లుగా నిలిచారు.

మిలాన్‌కు తిరిగొచ్చాక మర్నాడు, డ్రైవరు లేకుండా నడిచే ఐదో మెట్రో లైనులో పోర్తెల్లో దగ్గర దిగి, క్లబ్బు ప్రధాన కార్యాలయమైన కాసా మిలాన్‌లోని మ్యూజియం చూశాను. అద్దాల వెనక కప్పులు బారులు తీరి ఉన్నాయి. యూరప్ ఛాంపియన్ల కప్పులే ఏడు. జనమంతా వాటి ముందే గుమిగూడి ఫొటోలు తీసుకుంటున్నారు. స్ట్రైకర్ కొట్టిన గోలును తెరమీద వందసార్లు వేసి చూపించవచ్చు గానీ, డిఫెండర్ గొప్పతనమంతా జరగకుండా పోయిన గోల్స్‌లో ఉంటుంది కనుక దాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం ఎవరి తరమూ కాదు. నా దృష్టిలో బరేసీ జీవితంలో అన్నిటికంటే బరువైన ఘట్టానికి అసలు కప్పే లేదు.

ఆ ఘట్టం అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1978 ఏప్రిల్‌లో వెరోనా జట్టు మీద మ్యాచ్‌లో శిక్షకుడు నిల్స్ లీడ్‌హోల్మ్ ఆయన్ను మొదటిసారి మైదానంలోకి దించాడు. మరుసటి సీజన్లోనే మిలాన్ తన పదో లీగ్ టైటిల్ గెలిచింది. మిలాన్ దిగ్గజం జాన్ని రివేరా ఆ విజయంతోనే ఆటకు వీడ్కోలు పలికాడు. అయితే 1980లో బెట్టింగ్ కుంభకోణం బయటపడి, శిక్షగా క్లబ్బును రెండో డివిజన్ అయిన సిరీ బికి దించారు. ఒక ఏడాదిలో పైకి వచ్చినా, 1981-82లో ఆటలోనే ఓడి మళ్లీ దిగజారింది. ఆ సీజన్లో బరేసీ రక్తానికి సోకిన ఇన్ఫెక్షన్‌తో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. అదే వేసవిలో ఇటలీ ప్రపంచకప్ గెలిచింది. ఒక్క నిమిషమూ ఆడకపోయినా బరేసీ ఆ జట్టు సభ్యుడే. తోటి డిఫెండర్ కొల్లోవాతి ఇంటర్‌కు వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్ల బరేసీ మాత్రం మెడలో ప్రపంచకప్ పతకంతో, చేతికి కెప్టెన్ పట్టీతో సిరీ బి మైదానాలకు వెళ్లాడు. ఆ ఒక్క నిర్ణయాన్ని పక్కన పెడితే మిగతా కప్పుల కథ నాకు సగం రుచే.

ఆ మధ్యాహ్నం అదే లైను చివరి స్టేషను సాన్ సీరోకు వెళ్లాను. 1926లో కట్టిన ఈ స్టేడియానికి 1990 ప్రపంచకప్ కోసం మూడో అంతస్తు వేసి, దాని బరువును పదకొండు గుండ్రటి కాంక్రీటు బురుజుల మీద నిలిపారు. పైకప్పును మోసే ఎర్రటి ఉక్కు దూలాలు దూరానికి బొమ్మల్లా కనిపించినా, వాటి కిందికి వచ్చి తలెత్తితే గాని ఎంతటివో తెలియదు. సందర్శకులను గడ్డి మీదికి రానివ్వరు. గీతకు ఇవతలే నిలబడాలి. అక్కడ నిలబడి, ఇరవై అయిదు మీటర్లు ఎంతుంటుందో కంటితో కొలిచి చూశాను. 1987లో శిక్షకుడిగా వచ్చిన అర్రీగో సాక్కీ, డిఫెన్సు నుంచి చిట్టచివరి స్ట్రైకర్ దాకా జట్టంతా దాదాపు ఆ దూరంలోనే మెలగాలని పట్టుబట్టాడు. అంతవరకు బరేసీ లిబెరో, అంటే అందరి వెనక స్వేచ్ఛగా తిరుగుతూ చివరి ప్రమాదాన్ని ఆపే ఆటగాడు. సాక్కీ ఆయన్ను వెనక నుంచి తెచ్చి నలుగురి వరుసలో నిలబెట్టాడు. తస్సోత్తి, కోస్తాకుర్తా, మల్దీనీలతో కలిసిన ఆ వరుస, కబడ్డీలో రైడర్ దిగగానే చేతులు పట్టుకున్న గొలుసు కదిలినట్టు, ఒక్కసారిగా ముందుకు జరిగేది. ఎప్పుడు జరగాలో నిర్ణయించేది బరేసీ. వరుస జరిగిన మరుక్షణం ఆయన చెయ్యి పైకి లేచేది, లైన్స్‌మన్ జెండా లేచేది, ప్రత్యర్థి ఆఫ్‌సైడ్‌లో (డిఫెండర్ల వరుసను దాటి ముందే నిలబడి బంతి అందుకోకూడదన్న నియమంలో) చిక్కుకునేవాడు. ఎత్తు సుమారు అయిదడుగుల తొమ్మిదంగుళాలే ఉన్న మనిషి, బంతికంటే ముందు ఆలోచన చేరితే ఎత్తుతో పనిలేదని అక్కడ చూపించాడు.

1989 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో చిత్తు చేసింది ఈ గడ్డి మీదే. ఆ ఏడాది బార్సిలోనాలో స్తెవా బుకరెస్టి మీద 4-0తోనూ, మరుసటి ఏడాది వియన్నాలో బెన్ఫికా మీద 1-0తోనూ యూరప్ కప్పులు వచ్చాయి. సాక్కీ తర్వాత ఫాబియో కపెల్లో చేతిలో ఆ వరుస ఇంకా గట్టిపడింది: 1991-92 లీగ్‌లో ఒక్క ఓటమీ లేదు, 1993-94లో ముప్పై నాలుగు మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ పదిహేనే. చిత్రమేమిటంటే, 1994లో ఏథెన్స్‌లో బార్సిలోనాను 4-0తో ఓడించిన ఫైనల్‌కు బరేసీ, కోస్తాకుర్తా ఇద్దరూ నిషేధం వల్ల దూరమయ్యారు. తాను లేని రోజు కూడా తాను నిలబెట్టిన వరుస చెదరకపోవడం కంటే పెద్ద మెప్పు కెప్టెన్‌కు వేరే ఉంటుందా? మొత్తం 719 మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిళ్లు. 1997లో ఆయన రిటైరైనప్పుడు క్లబ్బు ఆరో నంబరు జెర్సీని మరెవరికీ ఇవ్వబోనని ప్రకటించింది.

ఒకే క్లబ్బులో ఉండిపోవడాన్ని నేనేమీ ధర్మంగా కీర్తించడం లేదు. అదే మిలాన్‌కు పదేళ్లు ఆడిన అలెస్సాండ్రో నెస్టా, చివర్లో 2014లో మన చెన్నైయిన్ జట్టుకూ వచ్చి ఆడాడు; ఆ దారిలోనూ తప్పేమీ లేదు. అయితే సిరీ బి ఏళ్లు మధ్యలో లేకపోతే బరేసీ విధేయతను ఇంతగా తలచుకోవలసిన పనే ఉండేది కాదు.

సాన్ సీరో చూడాలనుకునేవారు మరీ ఆలస్యం చేయకూడదు. స్టేడియాన్ని మిలాన్, ఇంటర్ క్లబ్బులకు అమ్మడానికి నగర మండలి 2025లో ఆమోదం తెలిపింది. పక్కనే కొత్తది కట్టి, పాతదాన్ని చాలావరకు కూల్చాలన్నది ప్రణాళిక. మ్యాచ్ ఉన్న రోజుల్లో సందర్శన వేళలు మారుతుంటాయి కనుక ముందుగా చూసుకుని బయలుదేరడం మంచిది. ట్రావల్యాటోకు మాత్రం ఏ రోజైనా వెళ్లవచ్చు, పూట చాలు.