సిలేషియాకి పేరిచ్చిన కొండ మీద

పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరం దాటి నైరుతి వైపు వెళ్తుంటే దారి పొడవునా చదునైన పొలాలే. వాటి మధ్యలోంచి ఉన్నట్టుండి లేస్తుంది ష్లెంజా కొండ. ఎత్తు 718 మీటర్లే అయినా, చుట్టూ మైదానం కావడంతో చాలా దూరం నుంచే కనిపిస్తుంది.

మనం సిలేషియా అనే ప్రాంతాన్ని పోలండ్‌లో ష్లోంస్క్ అంటారు. ఆ పేరు ఎత్తైన ఒక పెద్ద కొండ నుంచి వచ్చిందని, అక్కడి జనం ఆ కొండని కొలిచేవారని తీత్మార్ అనే జర్మన్ బిషప్ 11వ శతాబ్దం మొదట్లోనే రాశాడు. అది చదివినప్పటి నుంచీ ఈ కొండ ఎక్కాలని నాకు ఒకటే కోరిక.

సోబూత్కా ఊరి నుంచి నడక మొదలుపెట్టాం. రెండు తెల్ల గీతల మధ్య ఒక పసుపు గీత, చెట్ల మానులపై ఆ గుర్తే దారి చూపిస్తుంది. పైకి పోయేకొద్దీ రాళ్లు పెద్దవవుతాయి, తడికి కాళ్లు జారతాయి. శిఖరం మీద చర్చి ఉంది, దానికి దగ్గర్లోనే రాతి ఎలుగుబంటి. ముఖం అరిగిపోయింది, ఒళ్లంతా గరుకు. ఈ కొండ మీది పాత శిల్పాలపై ఇంటూ గుర్తు లాంటి గీతలు చెక్కి ఉంటాయి. ఎవరు, ఎందుకు చెక్కారన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు.

మరి కొండకి ఆ పేరెలా వచ్చింది? వాండల్ అనే ప్రాచీన జర్మానిక్ జాతిలోని సిలింగుల తెగ నుంచి వచ్చిందని కొందరంటారు. తడి, చిత్తడి అనే అర్థమున్న పాత స్లావిక్ మాట నుంచి వచ్చిందని ఇంకొందరు. కొండకి తూర్పుగా పారే వాగు పేరు కూడా దాదాపు ఇదే. పొగమంచులో తడిసి పైకెక్కిన నాకు రెండో మాటే నిజమనిపించింది.

14వ శతాబ్దంలో సిలేషియా చెక్ రాజుల కిందికి వెళ్లింది. తర్వాత ఆస్ట్రియా రాజవంశమైన హాబ్స్‌బర్గులు, 18వ శతాబ్దంలో ప్రష్యా అనే జర్మన్ రాజ్యం, 1945లో చాలా భాగం పోలండ్‌కి. ఏలికలు మారినా జర్మన్లు ష్లేజియన్ అన్నారు, చెక్కులు స్లెస్కో అన్నారు, పేరు మాత్రం పోలేదు.

మ్యాపు చూస్తే ఎగువ సిలేషియా కింద, దిగువ సిలేషియా పైన ఉన్నాయేంటని అనుమానం వస్తుంది. ఇక్కడ లెక్క ఓద్రా నదిది. అది దక్షిణాన చెక్ కొండల్లో పుట్టి ఉత్తరంగా బాల్టిక్ సముద్రం వైపు పారుతుంది. అందుకే బొగ్గు గనుల కతోవిత్సె ఎగువ సిలేషియా, నది మరింత దిగువకి పారాక వచ్చే వ్రోత్స్వాఫ్ దిగువ సిలేషియా.