ఏడు రోజుల అమ్మానాన్నలు

పదకొండు దాటింది. మా ఆయన పడుకున్నారు. మా పెద్దది ఇంకా ఫోన్‌లోనే ఉంది, పక్కగదిలో వెలుగు కనబడుతోంది. రేపు నాకు పొద్దున డ్యూటీ. అయినా ఇది రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం మా సంఘం యూత్ గ్రూపులో నేపాల్ ట్రిప్ పోస్టరు వచ్చింది. మధ్యలో ఒక పాప ఫొటో. నాలుగైదేళ్లుంటాయేమో, బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. ఫొటో తీసేముందు ఆ బిడ్డ ముక్కు కూడా ఎవరూ తుడవలేదు. కింద పెద్ద అక్షరాలతో "దిక్కులేని పిల్లలకు ఏడు రోజులు అమ్మానాన్నలమవుదాం, రండి" అని. దాని కింద కానుకలు పంపడానికి అకౌంట్ నంబరు. నేను చూసేసరికే గ్రూపంతా ఆమెన్లు, దండాల బొమ్మలు.

ఏడు రోజులు సరే. ఎనిమిదో రోజు ఆ పాపకు ఎవరు?

అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఈ బిడ్డికి అమ్మ లేదంటనా?" అంది.

"లేదనే రాసుండారు మా."

"రాసేదానికేముంది, నీకూ రాసినారు కదా" అని అటు తిరిగి పడుకుంది.

పెద్దది ట్రిప్‌కు సెలెక్ట్ అయినందుకు నాకూ సంతోషంగానే ఉంది. మా రెండు వైపులా విమానం ఎక్కబోయే మొదటి మనిషి అది. నేపాల్‌కు మనవాళ్లు ఓటరు కార్డుతోనే పోవచ్చు, అయినా ముందుకు పనికొస్తుందని పాస్‌పోర్టు చేయించారు. అది ఇంటికొచ్చిన రోజు అమ్మ తన బైబిల్లో పెట్టి ప్రార్థన చేసి ఇచ్చింది. ఆయన కమిటీలో ఉన్నారు కాబట్టి వారం నుంచీ ఇంట్లో ఇదే మాట. బెంగళూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి కాఠ్మాండు. మనిషికి 50 వేల దాకా అవుతుందట.

నా బోర్డింగ్ సంగతి ఇక్కడ ముక్కలు ముక్కలుగా రాస్తూనే ఉన్నాను. ఆ ఒక్క రోజు సంగతి మాత్రం ఇంతకుముందు రాయలేదు.

నాయన పోయాక అమ్మ నన్ను మిషన్ వాళ్ల బోర్డింగ్ హాస్టల్లో వేసింది. నెలకోసారి, రెండో శనివారం వచ్చి చూసి వెళ్లేది. ఆ సంవత్సరం విదేశాల నుంచి దొరలు వస్తున్నారని నెలరోజుల ముందునుంచే హడావుడి. గోడలకు సున్నం, దారి పక్క రాళ్లకు ఎరుపూ తెలుపూ రంగులు. ఆడపిల్లలందరికీ ఒకే తాను గుడ్డతో గౌన్లు కుట్టించారు. సాయంత్రం చదువు మానిపించి ఇంగ్లీషు పాటలు ప్రాక్టీసు చేయించారు. వార్డెనమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఇంట్లోవాళ్ల గురించి అడిగితే తల అడ్డంగా ఊపమని చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ నెల అమ్మావాళ్లను రావద్దన్నారని కూడా మాకు తెలియదు. మా అమ్మకు ఆ కబురు అందలేదు.

దొరలు ఉన్న రోజే అమ్మ పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చింది. వాచ్‌మన్ ఆమెను ముందునుంచి రానివ్వకుండా వంటింటి వెనక్కి తీసుకుపోయి, "వాళ్లు పోయేదాకా ఈడే కూచో మా" అని రుబ్బురోలు పక్కన కూర్చోబెట్టాడు. నేను వరండాలో పాట పాడే వరసలో ఉన్నాను. వంటింటి మూల దగ్గర ఆకుపచ్చ వైరు బుట్ట చెవి కనిపించింది. ఆ చెవికి ఒకచోట వైరు తెగితే అమ్మ ఎర్ర వైరుతో ముడేసింది. ఆ ఎర్ర ముడి చూసి అమ్మ వచ్చిందని తెలిసింది. పాట అయిపోయేదాకా కదలడానికి లేదు.

పాట అయ్యాక వచ్చినవాళ్లలో ఒకామె నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. దువ్వెన తీసుకుని నా జడలు విప్పి మళ్లీ అల్లింది. నెత్తిన పెదాలు ఆనించి ఏడ్చింది కూడా. ఆమె ఏడుపు నిజమైనది. ఆమె మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. అమ్మ లేని బిడ్డ అని చెప్పారు, నమ్మింది. అమ్మ అక్కడే, వంటింటి మూల నిలబడి, వేరే ఆమె నా తల దువ్వుతుంటే చూస్తూ ఉంది. వాళ్ల భోజనాలు అయ్యేలోపు ఆఖరి బస్సు టైమైపోయింది. రాత్రి వార్డెనమ్మ చెనక్కాయ ఉండలు నా చేతిలో పెట్టి, "మీయమ్మ ఇచ్చిపోయింది" అంది. బెల్లం తడికి గుడ్డకు అతుక్కుపోయి ఉన్నాయి.

తర్వాత స్పాన్సర్ కార్డు ఒకటి వచ్చింది. నా ఫొటో, వయసు, దాని పక్కన తల్లీ తండ్రీ లేరని. నేను పెద్ద క్లాసుకు వచ్చాక అమ్మకు నేనే చదివి వినిపించాను. అమ్మ ఈ రాత్రి అన్నది ఆ కార్డు గురించే.

నాకైనా రెండో శనివారాలు ఉండేవి. నా పక్క మంచం చిన్నపిల్లకు నిజంగానే ఎవరూ లేరు. దొరలు ఉన్నన్నాళ్లూ ఒక అమ్మాయి దాన్ని చంక దించలేదు, అది ఆమెను మమ్మీ అని పిలవడం మొదలుపెట్టింది. వ్యాన్ వెళ్లిన రోజు గేటు దాకా పరిగెత్తింది. ఆ తర్వాత ఏ వ్యాన్ వచ్చినా పరిగెత్తేది, కూరగాయల వ్యానైనా సరే. ఎవరు వచ్చినా చేతులు చాపేది. దాన్ని అందరూ "ఎంత కలుపుగోలు బిడ్డో" అనేవాళ్లు. పిల్లల వార్డులో ఇన్నేళ్లు పనిచేశాక చెబుతున్నాను, అమ్మ దగ్గర పెరిగిన ఏడాదిన్నర బిడ్డ నన్ను చూసి ఏడవాలి, అమ్మ కొంగు పట్టుకోవాలి. కొత్తవాళ్లందరి చంకా ఎక్కే బిడ్డను చూస్తే నాకు సంతోషం కలగదు, భయం వేస్తుంది.

ఇంతకీ నన్ను ఎక్కువ విసిగించింది పోస్టరు కూడా కాదు, ప్రోగ్రాం చార్టు. అన్నం తిన్నాక ఆయన నా చేతికిచ్చి చూడమన్నారు. బెలూన్లు, మొహానికి రంగులు, పప్పెట్ షో, ఫొటో సెషన్. ఫొటో సెషన్ రోజూ ఉంది. ఆదివారం ఆరాధన, పిల్లలతో పాటలు. నేపాల్‌లో సెలవు శనివారం, క్రైస్తవ సంఘాలు ఎక్కువగా ఆరాధనకు కూడుకునేది శనివారమే. అక్కడివాళ్లతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడి ఉంటే ఈ చార్టులో ఆదివారం ఉండేది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2018 ఆగస్టు నుంచి అక్కడ అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ ప్రకారం మతం మార్పించే ప్రయత్నం చేస్తే అయిదేళ్ల దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. మనవాళ్లు ఆ అనాథ పిల్లల హోమ్ ముందు మైకు పెట్టి పాడి వచ్చేస్తారు. పోలీసులు వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది అక్కడుండే పాస్టరుగారు, ఆయన పిల్లలు. ఈ మాట చెబితే మా ఆయన "నీకు అన్నింట్లోనూ తప్పులే కనబడతాయి" అన్నారు. "తప్పులు పట్టడం లేదండీ, అడుగుతున్నాను" అన్నాను. "మంచి పనికి అడ్డం పడొద్దు" అని లేచిపోయారు. ఇరవై ఏళ్ల బిడ్డను ఎక్కడికి పంపుతున్నామో అడగడం అడ్డం పడటం ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ కోపంలోనే కూర్చుని చదివాను. నేపాల్‌లో 1996 నుంచి 2006 దాకా అంతర్యుద్ధం జరిగింది. మావోయిస్టులు పిల్లల్ని దళంలోకి పట్టుకుపోతారని భయపడి, హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో తల్లిదండ్రులు, "కాఠ్మాండులో చదివిస్తాం" అని వచ్చిన దళారుల చేతుల్లో బిడ్డల్ని పెట్టారు. దానికి పైగా డబ్బులు కూడా ఇచ్చుకున్నారు. ఆ దళారులు పిల్లలకు అమ్మానాన్న చనిపోయినట్టు దొంగ కాగితాలు పుట్టించారు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చాక మళ్లీ అదే జరుగుతుందని అక్కడి ప్రభుత్వం అనుమతి లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదంది, కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. నేపాల్ హోమ్‌లలో ఉన్న పిల్లల్లో నూటికి 80 మందికి పైగా తల్లో తండ్రో, ఎవరో ఒకరు బతికే ఉన్నారని యునిసెఫ్ చెబుతూ వచ్చింది. హోమ్‌లు ఎక్కువగా ఉన్నది కాఠ్మాండు, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కి, చిత్వన్ జిల్లాల్లో. అన్నీ టూరిస్టులు దిగే చోట్లే. టూరిస్టులు దిగే జిల్లాల్లోనే ఇంతమంది పిల్లలు ఎందుకు అనాథలవుతారు?

అమ్మ అడిగింది కూడా ఇదే. ఆమె యునిసెఫ్ ఏమీ చదవలేదు.

పోయిన ఆదివారం మా పాస్టరు అయ్యగారు ట్రిప్ కోసం ప్రార్థన చేయించే ముందు, ఇంగ్లండులో అనాథ పిల్లల్ని సాకిన జార్జ్ ముల్లర్ గురించి చెప్పారు. పొద్దున పిల్లలకు పెట్టడానికి ఏమీ లేక బల్లల దగ్గర కూర్చోబెట్టి స్తోత్రం చెల్లిస్తే రొట్టెలవాడు తలుపు తట్టిన సాక్ష్యం. చిన్నప్పటి నుంచి వింటున్నా ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లో మొదలుపెట్టిన అనాథ గృహాల్లో చేర్చుకోవాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయి ఉండాలని నియమం పెట్టుకున్నాడు. విచారించకుండా తీసుకునేవాడు కాదు. అంత విశ్వాసమున్న మనిషి కాగితాలు చూసేవాడు. మనం ఎందుకు అడగకూడదు?

ఇక్కడిదాకా రాసేటప్పటికి పెద్దదాన్ని పంపకూడదని నిర్ణయించేసుకున్నాను. పొద్దున లేవగానే చెప్పేద్దామని కూడా అనుకున్నాను.

కానీ లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చుంటే మనసు ఒప్పుకోవడం లేదు. నా పదో తరగతి ఫీజు కట్టింది ఎవరు? ఆ కార్డు చూసి డబ్బు పంపిన ముసలి దంపతులు. వాళ్లు ఎప్పుడూ రాలేదు, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. క్రిస్మస్‌కు ఒక ఉత్తరం రాసేవాళ్లు, వాళ్ల తోటలో ఏం కాసిందో, కుక్కకు ఎట్లా ఉందో. ఆ డబ్బే లేకపోతే నేను నర్సింగ్ చదివేదాన్ని కాదు. దేశం కాని దేశం నుంచి వచ్చినవాళ్ల మేలు మన ఊళ్లలో ఎవరు కాదంటారు? మదనపల్లెలో అమెరికా మిషనరీ చాంబర్‌లేన్ దొర తెలుగు నేర్చుకుని వైద్యం చేసి, 1908లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. పక్కనే వేలూరులో అమెరికా డాక్టరమ్మ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టి ముసలితనం దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. పొరుగు దేశపు పిల్లల మీద మా సంఘానికి భారం కలగడం తప్పని నేనెట్లా అంటాను? కూలి డబ్బుల్లోంచి కానుక వేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల మనసు నాకు తెలుసు.

యాకోబు పత్రిక ఒకటో అధ్యాయం చివరి వచనం పోస్టరు మీద కూడా వేశారు. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే నిజమైన భక్తి అని. పోస్టరులో పిల్లల మాట ఉంచి విధవరాండ్రను తీసేశారు. ఆ ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు. మా అమ్మా నేనూ ఉన్నట్టు. బిడ్డను చూసుకోవాలంటే ఆ తల్లిని కూడా చూడాలి.

కాబట్టి పెద్దదాన్ని ఆపను. పోనీ. కానీ టిక్కెట్లు తీయకముందే ఆ హోమ్‌వాళ్లకు కొన్ని ప్రశ్నలు పంపాలి. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా? ఒక్కొక్క బిడ్డ ఎక్కణ్ణుంచి వచ్చింది, తల్లి ఎక్కడుంది, ఎవరైనా ఆ ఊరికి వెళ్లి చూశారా? తల్లులు వస్తే లోపలికి రానిస్తారా, మా టీమ్ ఉన్న రోజుల్లో కూడా? జవాబులు బాగుంటే, మనం తీసుకుపోయే డబ్బులో సగం పిల్లల్ని సొంత ఊళ్లకు తీసుకెళ్లి చూపించడానికి, ఇంటి దగ్గరే చదివించడానికి ఇవ్వాలి. మనవాళ్లు అక్కడ పిల్లల్ని ఎత్తుకోవడం కాకుండా, చేసే పనులున్నాయి. నర్సులం ఉన్నాం, అక్కడ పనిచేసే ఆయాలకు చంటిపిల్లల జ్వరాలు, విరేచనాల గురించి నేర్పొచ్చు. ఆయాలు ఉండిపోయే మనుషులు. ఫొటోలు మాత్రం వద్దు. జవాబు రాకపోతే ట్రిప్ ఆపాలి.

పెద్దది ఇప్పుడే నీళ్లకు లేచి వచ్చి, ఏం టైపు చేస్తున్నావని భుజం మీదుగా చదివింది. కొంచెంసేపు ఏమీ అనలేదు. "జేజిని గేటు బయట కూచోబెట్టినారా?" అంది. గేటు బయట కాదు, వంటింటి వెనక అని చెప్పాను. ప్రశ్నలు తనకు పంపమంది, ఇంగ్లీషులో తానే రాస్తానంది. "నాయన కోప్పడతాడేమో" అని కూడా అంది. కోప్పడితే కోప్పడనీ అన్నాను.

మురకంబట్టు నుంచి వచ్చే ఆమె, మొన్న క్రిస్మస్ ముందు భర్త పోయినామె, జూన్‌లో కొడుకును హాస్టల్లో వేస్తానని మా సంఘం ఆడవాళ్ల కూడిక స్త్రీల మైత్రిలో చెప్పింది. గవర్నమెంటు పథకం మిషన్ వాత్సల్య కింద అలాంటి తల్లులకు బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి నెలకు 4,000 ఇచ్చే ఏర్పాటు ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలకు మించకూడదు, ఆమెకు అంత ఎక్కడిది? ఏడాదికి 48 వేలు, మనిషికి మా ట్రిప్ ఖర్చు అంత. జిల్లా బాలల సంరక్షణ ఆఫీసులో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో సోమవారం డ్యూటీ అయ్యాక కనుక్కోవాలి. డెత్ సర్టిఫికెట్, రేషన్ కార్డు, బాబు ఆధార్ జిరాక్సులు తెమ్మని రేపు ఆమెకు ఫోన్ చేయాలి. గవర్నమెంటు డబ్బు ఆలస్యమైతే అప్పటిదాకా మైత్రి తరఫున ఇద్దామని ఆదివారం అడుగుతాను.