ఏడున్నర వేల కాల్, యాభై వేల మార్జిన్

వ్యవహారం గత వారమే ముగిసింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు.

బ్రోకరు దగ్గర ఆప్షన్ల విభాగం తెరిపించుకోవడం తేలికే. ఆప్షన్ అంటే ఒక షేరును ముందే అనుకున్న ధరకు గడువు రోజున కొనే లేదా అమ్మే హక్కు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పంపితే మర్నాటికి తెరిచారు. ఖాతాలో వేసింది 40,000. అంత చిన్న మొత్తంతో ఆప్షన్లు అమ్మడం కుదరదు, మార్జిన్ (హామీగా ఖాతాలో చూపించాల్సిన డబ్బు) లక్ష దాటుతుంది. కొనడమే దారి. ఈ విభాగంలో మూడేళ్లలో నూటికి 93 మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024లో లెక్క తేల్చింది. అందుకే ఒక్కో కొనుగోలులో 2,000కు మించి పోనివ్వకూడదని గీత గీసుకున్నాను. ఆ గీత ఇప్పటికీ దాటలేదు, గర్వంగానే చెబుతున్నాను.

ఒక కంపెనీ షేరు 800 దగ్గర ఉండగా అదే ధరకు కాల్, అంటే కొనే హక్కు, తీసుకున్నాను. లాటుకు (ఒకసారి కొనాల్సిన కనీస కట్టకు) 750 షేర్లు, ప్రీమియం (ఆ హక్కు ధర) షేరుకు పది రూపాయలు, మొత్తం 7,500. ప్రీమియం ఏడున్నరకు దిగితే అమ్మేలా స్టాప్‌లాస్ పెట్టాను. షేరు 820కి ఎక్కింది. మంగళవారం ఎక్స్‌పైరీ, అంటే ఆ హక్కు గడువు తీరే రోజు. నిశ్చింతగా ఉన్నాను.

శుక్రవారం బ్రోకరు నుంచి సందేశం వచ్చింది: మార్జిన్ చాలదు, యాభై వేలకు పైగా చూపించాలి. కొన్నవాడికి పోయేది ప్రీమియమే కదా, మార్జిన్ ఏమిటి? ఫోను చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక కుర్రవాడు ఎత్తాడు. "స్టాక్ ఆప్షన్లంటే ఇంతే సార్. డబ్బు చూసుకోకుండా ఇందులోకి ఎందుకు దిగారు?" అన్నాడు. లాభంలో ఉన్నవాణ్ణి పట్టుకుని ఆ మాట!

కారణం అతను చెప్పలేదు, నేనే వెతుక్కున్నాను. 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఆప్షన్లన్నీ షేర్ల రూపంలోనే తీరతాయి. లాభంలో ఉన్న కాల్‌ను ఎక్స్‌పైరీ దాకా ఉంచితే 750 షేర్లూ కొనాలి, అంటే ఆరు లక్షలు. అందుకని ఎక్స్‌పైరీకి ముందు నాలుగు రోజులూ, ఆ షేర్లు కొనడానికి పట్టే మార్జిన్‌లో వరుసగా 10, 25, 45, 70 శాతం చూపించమంటారు. గురువారం దాకా నా నిల్వ సరిపోయింది, శుక్రవారం 45 శాతానికి చాలలేదు.

నేను ఇది చదువుతుండగానే బ్రోకరు వాళ్లు నా కాల్‌ను అమ్మేశారు. షేరు 820లో ఉంటే ఆ కాల్‌కు కనీసం ఇరవై రావాలి. వచ్చింది పదిహేడున్నర. నాలాంటి చిన్న ఖాతాలు విధిలేక అమ్ముతాయని తెలిసినవాళ్లు ఆ రోజుల్లో తక్కువకే అడుగుతారు. తేడా 1,875. స్టాప్‌లాస్ తగిలితే పోయేదీ సరిగ్గా అంతే! మిగిలిన లాభం 5,625, ఖర్చులు పోను.

చిన్న ఖాతావాళ్లు స్టాక్ ఆప్షన్లను ఎక్స్‌పైరీకి వారం ముందే వదిలించుకోండి. అమ్మేటప్పుడు మార్కెట్ ఆర్డరు (ఎంత వస్తే అంతకు అమ్మేది) వద్దు, ధర మీరే రాయండి. నిఫ్టీ సూచీ మీది ఆప్షన్లు నగదుతో తీరతాయి, ఈ గొడవ ఉండదు. కాకపోతే వారం వారం ఎక్స్‌పైరీ ఊరిస్తుంది, అది వేరే జబ్బు.

ఖాతాను మరో బ్రోకరుకు మార్చుకున్నాను. నిబంధన అక్కడా అదే. ఆర్డరు పెట్టేటప్పుడే తెర మీద రాసి చూపిస్తున్నారు.