నా అనుభవం: 'గిఫ్ట్' అని రాయమన్నారు, నేను రాయలేదు

డబ్బు నిన్న సాయంత్రం నాలుగు గంటలకు ఖాతాలో పడింది. ఫోన్‌లో మెసేజ్ చూసి నమ్మలేదు. లాగిన్ అయి రెండుసార్లు చూసుకున్నాను. 37 వేల చిల్లర. ఒక విదేశీ ప్రసార సంస్థకు జులైలో చేసిన అనువాదం పనికి సెప్టెంబరు చివర్లో అందిన కూలి ఇది. దీనికోసం బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగాను. అందులో ఒకసారి పదిమంది చూస్తుండగా తల దించుకుని బయటికి వచ్చాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకముందే రాసేయాలి. మన తిరుపతి, చిత్తూరు వైపు ఇలా బయటి సంస్థలకు అనువాదం, కెమెరా, రికార్డింగు పనులు చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పనికొస్తుంది.

నేను పన్నెండేళ్లుగా అనువాదం చేస్తున్నాను. ఒక చిన్న వారపత్రికకు వారం వారం కాలమ్ కూడా రాస్తాను. ఈ కాలమ్ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అదే మెడకు చుట్టుకుంది. ఐరోపాలో ఒక దేశ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రసార సంస్థ తోతాపురి మామిడి మీద రేడియో కార్యక్రమం చేయడానికి బంగారుపాళ్యం వచ్చింది. 2025 సీజన్‌లో మన రైతుల గతి అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలపాలి అన్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడిపోయాయి. రైతుల మాటలు ఇంగ్లీషులోకి మార్చే పని నాది. నాలుగు గంటల రికార్డింగ్, మూడు రోజుల్లో ఇచ్చాను. ర్యాంపు (వ్యాపారులు కాయలు కొనే చోటు) అంటే ఏమిటో, ఫ్యాక్టరీ టోకెన్ కోసం రాత్రంతా ఎందుకు కాపు కాస్తారో ఒక్కొక్క మాటకూ వివరం రాసి మరీ ఇచ్చాను. ఇంత బాగా ఎవరూ చేసి ఇవ్వలేదని వాళ్లే మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ దాచుకున్నాను.

ఒప్పందం మెయిల్‌లోనే అయిపోయింది. ఇన్‌వాయిస్ పంపాను, విదేశాల నుంచి డబ్బు పంపడానికి కావాల్సిన బ్యాంకు స్విఫ్ట్ కోడ్ ఇచ్చాను, ఆగస్టులో డబ్బు పంపామన్నారు. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

వారం తర్వాత బ్యాంకు నుంచి ఫోన్. "మేడమ్, మీకు ఫారిన్ నుంచి అమౌంట్ వచ్చి ఆగింది, ఒకసారి రండి." వెళ్లాను. ఒక ఫారం ఇచ్చారు, పాన్ కార్డు, ఇన్‌వాయిస్ కాపీ తీసుకున్నారు. రెండు రోజుల్లో పడుతుందన్నారు. పడలేదు.

రెండోసారి వెళ్లిన రోజు శుక్రవారం. హాలు నిండా జనం. డిపాజిట్ కౌంటర్ దగ్గర మా వీధి టీచరమ్మ కూడా ఉంది. మా అబ్బాయికి మూడో తరగతిలో పాఠం చెప్పిన మనిషి. నా పేరు పిలిస్తే ఆఫీసరు బల్ల దగ్గరికి వెళ్లాను. కూర్చోమనలేదు. కంప్యూటర్‌లో చూసి, హాలంతా వినపడేలా అడిగాడు:

"పంపినవాళ్లు ఎవరమ్మా? బ్రాడ్‌కాస్టరా? మీకు ఎఫ్‌సిఆర్‌ఎ రిజిస్ట్రేషన్ ఉందా?"

విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు ఉండాల్సిన రిజిస్ట్రేషన్ అది. నాది ట్రస్టు కాదు సార్, నేను అనువాదం చేశాను, ఇది నా ఫీజు అన్నాను.

"అట్లా అందరూ చెప్తారు. మొన్న బీబీసీ వాళ్లకు ఇడి మూడు కోట్ల పైన ఫైన్ వేయలేదా? ఇదీ అదే జాతి. మన దేశం గురించి చెడ్డగా చూపించేదానికే వీళ్లకు ఆ ప్రభుత్వాలు డబ్బులిచ్చేది. మీరు వాళ్లకు ఏం సమాచారం ఇచ్చినారు?"

మామిడికాయల గురించి సార్ అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వెనక క్యూలో ఎవరో "ఏందంట, ఏందంట" అని అడగడం మాత్రం స్పష్టంగా వినిపించింది. టీచరమ్మ నా వైపు చూసి, నేను చూడగానే మొహం తిప్పుకుంది. నేనేదో దేశం రహస్యాలు అమ్ముకుని డబ్బు తీసుకోవడానికి వచ్చినట్టు అందరి కళ్లూ నా మీదే. పన్నెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు రెండు నిమిషాల్లో పోయిందనిపించింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి, సాయం చేస్తున్నట్టు ఇంకో ఫారం ముందుకు తోశాడు. "ఎందుకు మేడమ్ ఈ గొడవంతా. పర్పస్ కోడ్ దగ్గర పి 1302 అని రాయండి. పర్సనల్ గిఫ్ట్. ఈరోజే క్రెడిట్ అయిపోతాది."

పర్పస్ కోడ్ అంటే డబ్బు దేనికి వచ్చిందో చెప్పే నంబరు. పెన్ను తీసుకున్నాను. నిజం చెప్తున్నాను, సంతకం పెట్టేసేదాన్ని. అక్కడి నుంచి బయటపడితే చాలనిపించింది. కానీ గిఫ్ట్ అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాకెవరూ కానుక ఇవ్వలేదు. మూడు రాత్రులు మేలుకుని చేసిన పని అది. "ఇంట్లో అడిగి వస్తాను" అని చెప్పి ఫారం తీసుకుని వచ్చేశాను. ఆటోలో ఏడ్చాను.

ఆ రాత్రి చిత్తూరులో ఉన్న మా మేనమామకు ఫోన్ చేశాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయిన మనిషి. కథంతా విని మొదట అన్న మాట: "సంతకం పెట్టలేదు కదా అమ్మాయ్? పెట్టకు. చచ్చినా పెట్టకు."

ఆయన చెప్పింది, తర్వాత నేను చట్టం తీసి చదివింది కలిపి రాస్తున్నాను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010. ఆఫీసరు అడిగిన ఎఫ్‌సిఆర్‌ఎ ఇదే. అందులో 3వ సెక్షన్ కొందరు అసలు విదేశీ విరాళం తీసుకోకూడదంటుంది. ఎన్నికల అభ్యర్థులు, జడ్జీలు, ప్రభుత్వ ఉద్యోగులు, పార్టీలతో పాటు రిజిస్టరైన పత్రికల విలేకరులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు, సంపాదకులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. నేను కాలమిస్టును. ఒక విదేశీ సంస్థ నుంచి 'గిఫ్ట్' తీసుకున్నానని నా చేత్తో రాసి ఇస్తే, నా నేరం నేనే ఒప్పుకున్నట్టు. 35వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష వేయొచ్చు. ఆఫీసరు సాయం అనుకుని ముందుకు తోసిన కాగితం అది. వెంటనే తర్వాతి 4వ సెక్షన్ ఏమంటుందంటే, జీతంగానో కూలిగానో చేసిన పనికి ప్రతిఫలంగానో వచ్చే డబ్బుకు ఆ నిషేధం వర్తించదు. విదేశీ విరాళం అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షన్ వివరణలో కూడా, మామూలు వ్యాపారంలో సరుకుకో సేవకో బదులుగా తీసుకునే ఫీజు విరాళం కిందకు రాదని ఉంది. రెండు మాటల తేడా. ఒక మాట రాస్తే నేను పని చేసిన మనిషిని, ఇంకో మాట రాస్తే ముద్దాయిని.

ఆఫీసరు అన్న బీబీసీ మాట కూడా నన్ను వదల్లేదు. మా నాయన ఎమర్జెన్సీ రోజుల్లో షార్ట్‌వేవ్ రేడియో చెవి దగ్గర పెట్టుకుని బీబీసీ వినేవాడని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. సెన్సారు షరతులకు ఒప్పుకోనందుకు 1975లో బీబీసీ విలేకరి మార్క్ టల్లీని దేశం నుంచి పంపించేశారని కూడా ఆయనే చెప్పాడు. అంతకుముందు 1970లో, ఒక ఫ్రెంచి దర్శకుడి డాక్యుమెంటరీలు ప్రసారం చేశారని బీబీసీ ఢిల్లీ ఆఫీసునే మూయించారు. ఇక ఈమధ్యది. 2023 జనవరిలో ప్రధాని మీద డాక్యుమెంటరీ వచ్చింది. దాని లింకులు తీసేయమని ప్రభుత్వం ఆదేశించింది. ఫిబ్రవరి 14 నుంచి మూడు రోజులు ఢిల్లీ, ముంబయి ఆఫీసుల్లో ఆదాయపన్ను శాఖ సర్వే జరిగింది. ఏప్రిల్‌లో ఇడి (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద కేసు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో 3.44 కోట్ల జరిమానా, ముగ్గురు డైరెక్టర్లకు 1.14 కోట్ల చొప్పున వేరే.

ఆ జరిమానా దేనికి? డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం దాటకూడదని 2019లో నిబంధన వచ్చింది. బీబీసీ ఇండియా కంపెనీలో మాత్రం 100 శాతం అలాగే ఉండిపోయిందన్నది అభియోగం. తర్వాత 2024 ఏప్రిల్‌లో ఇక్కడివాళ్ల యాజమాన్యంలో కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే కంపెనీ పెట్టుకుని, తెలుగుతో సహా భారతీయ భాషల పని అందులోకి మార్చారు. నిబంధన ఉంటే పాటించాల్సిందే, బీబీసీ అయినా సరే. డాక్యుమెంటరీ వచ్చిన నెలలోపే సర్వేకు రావడం మాత్రం నాకు మింగుడుపడదు. మెచ్చుకుంటే మీడియా, తిడితే కుట్ర అంటే ఎలా? అమెరికాలో అయితే సొంత ప్రభుత్వమే 2025 మార్చిలో తన నిధులతో నడిచే ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా సిబ్బందిని సెలవు మీద ఇళ్లకు పంపేసింది. అజర్‌బైజాన్ ప్రభుత్వం 2014 డిసెంబరులో అమెరికా నిధులతో నడిచే రేడియో ఫ్రీ యూరప్ సంస్థకు రాజధాని బాకులో ఉన్న ఆఫీసుకు సీలు వేసినప్పుడు, విచారణకు పట్టుకుపోయింది అక్కడ పనిచేసే స్థానికులనే. ఆ సంగతి చదివి చాలాసేపు నిద్ర పట్టలేదు. ప్రభుత్వానికీ ప్రసార సంస్థకూ గొడవైతే, వాళ్ల దగ్గర పని చేసిన ఊరి మనిషే ముందు దొరుకుతాడు.

అయినా ఆ బీబీసీ కేసంతా పెట్టుబడి గురించి. ఎఫ్‌సిఆర్‌ఎ విరాళం గురించి. నాది కూలి. మూడూ వేరు వేరు. ఆఫీసరు మూడింటినీ ఒక్క ముద్ద చేసి నా మీద వేశాడు.

మర్నాడు లెటర్ రాశాను. ఒక్క పేజీ. ఇది అనువాద సేవకు వచ్చిన ఫీజు, విరాళం కాదు, కానుక కాదు, ఇన్‌వాయిస్, ఒప్పందం మెయిల్ జతపరిచాను, వార్తా సంస్థల సేవలకు ఉన్న పి 0805 కింద జమ చేయండి, కుదరదంటే కారణం రాసి ఇవ్వండి. చివర మామ చెప్పిన వాక్యం: 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను. రెండు కాపీలు తీసుకుని మూడోసారి వెళ్లాను. ఆఫీసరు బల్ల దగ్గరికి పోలేదు. నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ, సంతకం వేయించుకున్నాను. కుర్చీ చూపించకముందే కూర్చున్నాను. ఆయన చదివి "ఫారెక్స్ సెల్‌కు పంపుతాం మేడమ్" అన్నాడు, అంటే విదేశీ డబ్బు చూసే విభాగానికి. అంతే, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ శుక్రవారం హాల్లో అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగారో మరి.

తర్వాత పంతొమ్మిది రోజులకు, అంటే నిన్న, డబ్బు పడింది. ఈరోజు పొద్దున నాలుగోసారి వెళ్లి, ఏ కోడ్ కింద జమ చేశారో రాసి ఉన్న రెమిటెన్స్ అడ్వైస్, అంటే డబ్బు జమ అయిన కాగితం, తీసుకున్నాను. పి 0805 అనే ఉంది.

ఇలాంటి పని చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. బ్యాంకులో నోటితో చెప్పకండి. మీరు నోటితో చెప్పింది ఎవరికీ గుర్తుండదు, వాళ్లు మిమ్మల్ని అన్నది మాత్రం హాలంతటికీ గుర్తుంటుంది. ఏదైనా కాగితం మీద ఇవ్వండి, స్టాంపు వేయించుకోండి. మీ చేతికిచ్చే ఏ ఫారంలోనూ కోడ్ గడి ఖాళీగా వదలొద్దు, వాళ్లు చెప్పిన కోడ్ అర్థం తెలుసుకోకుండా రాయొద్దు. ఇన్‌వాయిస్ మీద 'సహకారం', 'మద్దతు' లాంటి పెద్ద మాటలు వద్దు. ఎన్ని నిమిషాల రికార్డింగ్, నిమిషానికి ఎంత అని రాయండి. ఆడిటర్‌ను ముందే అడగండి. నేను అడిగిన ఆడిటర్ మాత్రం ఫోనే ఎత్తలేదు, ఇక ఆయన దగ్గరికి వెళ్లను. మీ ఇంట్లో రిటైరైన బ్యాంకు మనిషి ఉంటే ముందు వాళ్లకే ఫోన్ చేయండి.

బ్యాంకు నుంచి వస్తూ దారిలో టీచరమ్మ ఇంటి ముందు ఆగాను. అలా వెళ్లాలా వద్దా అని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. అడ్వైస్ కాగితం, ఇన్‌వాయిస్ ఆమె చేతిలో పెట్టాను. కళ్లద్దాలు తెచ్చుకుని మొత్తం చదివింది. "అయ్యో, నేనేమీ అనుకోలేదమ్మా" అంది. అనుకుందని నాకు తెలుసు. తర్వాత ఫోన్‌లో ఆ కార్యక్రమం పెట్టి వినిపించాను. బంగారుపాళ్యం రైతు మాట్లాడుతుంటే, "ఈ గొంతు మా పెదనాన్న గొంతులా ఉండాదే" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కుని, చివరిదాకా విన్నది.