లిఫ్టు, లాబ్రడార్, ఐదు వందల జరిమానా

ఆదివారం. పొద్దున్న ఆరున్నరకే ఇంటర్‌కమ్ మోగింది. కింద నుంచి మా వాచ్‌మన్. "ఓపాలి రండమ్మా, మాస్టారు లిఫ్టు కాడే నిలబడిపోనారు."

చున్నీ వేసుకుని దిగాను. ఐదో అంతస్తు మాస్టారు, పక్కన పన్నెండేళ్ళ లాబ్రడార్, వెనక కాళ్ళు వణుకుతున్నాయి. లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టిన వాచ్‌మన్‌ని చూస్తే కుక్కకన్నా అతనే ఎక్కువ వణుకుతున్నట్టున్నాడు. మాస్టారు అరవలేదు, అరిచినా బాగుండేది.

తప్పెవరిదంటే నాదే. పోయిన నెల జనరల్ బాడీలో కుక్కలు లిఫ్టు ఎక్కకూడదు, ఎక్కిస్తే 500 జరిమానా అని చేతులెత్తి తీర్మానం చేశాం, సెక్రటరీని కాబట్టి నోటీసు టైపు చేసింది నేను. విశాఖ మధురవాడలో మాలాంటి చిన్న అపార్ట్‌మెంటుకి ఉన్నదే ఒక్క లిఫ్టు, ఐదో అంతస్తు వాళ్ళు ఏం చేస్తారన్నది ఆ రోజు ఎవరికీ తట్టలేదు (నాకు తట్టింది, కానీ అప్పటికే టైము తొమ్మిదయింది, ఇంట్లో పిండి రుబ్బాలి).

మాస్టారు ఫోన్‌లో జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించారు. ఇంటికొచ్చి మొత్తం చదివాను. మెజారిటీ ఉన్నా సరే అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదట, లిఫ్టు ఎక్కనివ్వం అని అనకూడదట, దానికి విడిగా డబ్బులూ వసూలు చెయ్యకూడదట. 2021లో కేరళ హైకోర్టు కూడా పెంపుడు జంతువులు వద్దనే బైలాలు చెల్లవని చెప్పింది. అంటే మేం అంత గట్టిగా చేసిన తీర్మానం చిత్తు కాగితమే.

అలాగని మాస్టారు పక్షమే పూర్తిగా తీసుకోలేను. గొలుసు ఆయన చేతికి చుట్టుకుని ఉంటుందే తప్ప కుక్క మెడకి ఉండదు. కింద స్టిల్ట్ పార్కింగ్‌లో మూడో పిల్లర్ దగ్గర తడి ఎవరిదో అందరికీ తెలుసు. మూడో అంతస్తు ఆంటీకైతే చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడిచారు, ఆ రోజుల్లో అంతేగా, ఆవిడ భయాన్ని ఏ మార్గదర్శకంతో పోగొడతాం?

నాకు మింగుడుపడనిది వేరే. రూలు పెట్టింది ఇరవై ఫ్లాట్ల ఓనర్లం, మాస్టారి ఎదురుగా నిలబడి వద్దని చెప్పాల్సింది మాత్రం ఆ ఓనర్లందరి దగ్గరా పండక్కి మామూలు తీసుకునే వాచ్‌మన్. "ఈలు ఎక్కించమంటారు, ఆలు దించెయ్యమంటారు, నానేటి సెయ్యనమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం మాస్టారింటికీ, ఆంటీ ఇంటికీ నేనే వెళ్ళాను. గొలుసు మెడకి ఉండాలి, కుక్క పాడుచేస్తే ఎత్తడానికి కవరు చేతిలో ఉండాలి, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) లైసెన్సు, రేబీస్ టీకా కాగితాలు ఓసారి చూపించాలి, లిఫ్టులో ఆంటీ ఉంటే మాస్టారు తర్వాతి ట్రిప్పుకి ఆగాలి. ఆయన వెంటనే సరే అన్నారు. ఆంటీ "చూద్దాంలే" అని కాఫీ ఇచ్చింది.

నోటీసు తీసేద్దామంటే బోర్డు అద్దం తాళం ట్రెజరర్ దగ్గరుంది, ఆయన అనకాపల్లి వెళ్ళాడు, మంగళవారం గానీ రాడు. ఇందాక కిందకి దిగితే, వాటర్ ట్యాంకు శుభ్రం చేస్తామన్న కాగితం అద్దం మీద బయట అతికించి ఉంది, సరిగ్గా ఐదు వందలు కనబడకుండా. వాచ్‌మన్ మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు, నా వైపు చూడలేదు.